మీడియా వస్తోంది

ఆ శుక్రవారం పొద్దున అక్కయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ల్యాబుకు వెళ్లాలి. క్యాన్సర్ కణాలకు మేత మార్చాలి. పదకొండున్నరకు వచ్చే పార్సెల్ అందుకోవాలి. ఒంటిగంటకల్లా ఇంటికొచ్చి అత్తగారిని కళ్లద్దాల దుకాణానికి తీసుకెళ్లాలి. ఇంతకంటే పెద్ద పథకాలు వేసుకునే ఓపిక ఆమెకు మూడేళ్ల కిందటే అయిపోయింది.

ఆమెకు నలభై రెండేళ్లు. ల్యాబులో పరిశోధకులందరిలోకీ పాతది కాబట్టి చిన్నా పెద్దా అంతా అక్కయ్య అనే పిలిచేవారు. ఏడేళ్లుగా ఆమె చేస్తున్న పని ఒకటే. క్యాన్సర్ కణాలను చిన్న చిన్న ప్లాస్టిక్ డిష్షుల్లో పెంచడం, వాటిలో ఒక జన్యువు ఎప్పుడు నిద్రలేస్తుందో కనిపెట్టుకుని ఉండటం. ఆ జన్యువుకు ల్యాబులో కాపలావాడని ముద్దుపేరు. వాడు మేలుకుని ఉన్నంతసేపూ కణాలు ఇష్టం వచ్చినట్టు పెరగవు. క్యాన్సర్ కణాల్లో మాత్రం వాడు గుర్రుపెట్టి నిద్రపోతాడు. కిందటి నెల ఒక కొత్త మందు వేసిన డిష్షుల్లో వాడు లేచి కూర్చున్నాడు. మందు వేయని డిష్షుల్లో లేవలేదు. మూడుసార్లు చేసి చూస్తే మూడుసార్లూ అదే జరిగింది. ఏడేళ్లలో మొదటిసారి అక్కయ్య బస్సులో తనలో తాను నవ్వుకుంది. పక్క సీటావిడ లేచి వేరే సీటులోకి మారింది.

"ఇవాళ కూడా వెళ్లాలా?" అంది అత్తగారు, టీ గ్లాసు అందిస్తూ.

"వాటికి తిండి మార్చాలి అత్తయ్యా. రెండు రోజులకోసారి మార్చకపోతే చచ్చిపోతాయి."

"క్యాన్సరే కదే అవి?"

"అవును."

"చస్తే మంచిదేగా? చంపాల్సినవాటిని కూర్చోబెట్టి మేపడమేమిటో! నాతో నడకకొచ్చే ఆవిడ కలిసినప్పుడల్లా అడుగుతుంది, మీ కోడలు ఏమన్నా కనిపెట్టిందా అని. ఇంకా మేపుతూనే ఉందమ్మా అని చెబుతున్నాను."

ఆ నడక స్నేహితురాలు రిటైరైన టైపిస్టు. ఆర్నెల్లుగా క్యాన్సర్‌కు వైద్యం చేయించుకుంటోంది. అందుకే ఆ మాటకు అక్కయ్య ఎప్పుడూ ఎదురు చెప్పేది కాదు. టీ తాగేసి గ్లాసు కడిగి పెట్టి బయటపడింది.

బస్టాపులో నిలబడి పార్సెల్ సంగతి గుర్తొచ్చి ఆఫీసుకు ఫోన్ చేసింది. ల్యాబులో కణాలకు పోసే గులాబీ రంగు ద్రవాన్ని అందరూ మీడియా అంటారు. ఆ మాట అక్కడ ఉప్పు, పప్పు అన్నంత మామూలు. కానీ ఫోన్ ఎత్తింది డైరెక్టర్ గారి కొత్త సెక్రటరీ. చేరి పన్నెండు రోజులైంది. అంతకుముందు ఒక ఫంక్షన్ హాల్లో పనిచేసింది. అతిథులంటే ఆమెకు ప్రాణం.

"నేను మూడో అంతస్తు ల్యాబ్ నుంచండీ. ఇవాళ పదకొండున్నరకి మీడియా వస్తుంది. గేటు దగ్గర ఆపకుండా చూడండి."

"మీడియానా మేడమ్? మన దగ్గరికా?"

"అవును. కిందటిసారి సెక్యూరిటీవాళ్లు రెండు గంటలు ఎండలో పడేశారు. మొత్తం పాడైపోయింది. మళ్లీ అలా చేస్తే ఊరుకోనని చెప్పండి."

సెక్రటరీ గబుక్కున కలం అందుకుంది. "అయ్యయ్యో! ఎంతమంది వస్తారు మేడమ్?" అని అడిగింది. సరిగ్గా అప్పుడే ఒక లారీ హారన్ మోగించుకుంటూ పోయింది. అక్కయ్యకు వినపడింది "ఎంత" ఒక్కటే.

"ఇరవై నాలుగు. చల్లగా ఉండే చోట పెట్టాలి. కాస్త వేడి తగిలినా పనికిరాదు."

"ఏసీ హాలు ఖాళీగానే ఉంది మేడమ్!"

"హాలెందుకండీ? సరే, ఎక్కడైనా చల్లగా ఉంటే చాలు. నేనొచ్చి తీసుకెళ్తాను."

బస్సు వచ్చింది. అక్కయ్య ఎక్కేసింది. సీటు కూడా దొరికింది. ఆ రోజు ఆమెకు కలిసొచ్చింది అదొక్కటే.

తర్వాత ఏం జరిగిందో ఆమెకు ఆలస్యంగా తెలిసింది. సెక్రటరీ పరుగున వెళ్లి డైరెక్టర్ గారితో, ఇరవై నాలుగు మంది పత్రికలవాళ్లు వస్తున్నారని, మూడో అంతస్తు అక్కయ్య పిలిచిందని చెప్పింది. డైరెక్టర్ గారు పదకొండేళ్లుగా ఆ కుర్చీలో ఉన్నారు. ఆ పదకొండేళ్లలో పత్రికలవాళ్లు ఒక్కసారే వచ్చారు, అదీ వెనక గోడ కూలినప్పుడు. కాపలావాడు లేచిన సంగతి ఆయనకు తెలుసు. అక్కయ్యే చూపించింది. తనకు చెప్పకుండా పిలిచిందని రెండు నిమిషాలు కోపం వచ్చింది. తర్వాత బీరువాలోంచి కోటు తీసి దులిపారు. ఆ ఊపులోనే తనకు తెలిసిన ఒక పత్రిక ఆఫీసుకు ఫోన్ చేసి, "ఇరవై నాలుగు మంది వస్తున్నారు, మీరు జాబితాలో ఉన్నారో లేదో చూసుకోండి" అన్నారు. అవతలివాళ్లు జాబితా ఎవరిదని అడగలేదు. తమను వదిలేశారని హడలిపోయి వెంటనే ఒక విలేఖరిని పంపించారు. అలా, రాని మీడియా నిజంగానే బయల్దేరింది.

ఇవేమీ తెలియని అక్కయ్య ల్యాబులో కోటు తొడుక్కుని, రాత్రంతా లెక్కగట్టిన యంత్రం ఇచ్చిన కాగితం చేతిలోకి తీసుకుంది. మందు వేసిన డిష్షుల్లో కాపలావాడు లేచాడు. బాగానే ఉంది. మందు వేయని డిష్షుల్లో కూడా లేచాడు.

ఆమె కాగితాన్ని తిరగేసి చూసింది. వెనక ఏమీ లేదు. డిష్షుల మీద చీటీలు సరిచూసుకుంది. ఒకటికి మూడుసార్లు చూసుకుంది. ఏదీ తారుమారు కాలేదు. మందు చుక్క కూడా తగలని కణాల్లో కాపలావాడు కర్ర పట్టుకుని పచార్లు చేస్తున్నాడు. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

టెక్నీషియన్ సీసాలు సర్దుతున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు. ల్యాబుకంతటికీ బాబాయి.

"బాబాయి గారూ, మందు వేయని డిష్షులకి మొన్న మీడియా ఎక్కణ్ణుంచి పోశారు?"

"నీ సీసా అడుగంటిందమ్మా. నేనే నింపాను."

"దేంతో?"

"మందు కలిపే సీసాలో రోజూ పోస్తున్నదే. కింది ల్యాబువాళ్లని అడిగి తెచ్చాను. నీ ఆర్డరు ఎంతకీ రావట్లేదు. నువ్వసలే నీరసపడిపోయి ఉన్నావు. చెప్పి కంగారుపెట్టడమెందుకని నేనే సర్దేశాను."

"ఎప్పట్నుంచి?"

"రెండు నెలలవుతుందేమో." ఆయన కాస్త గర్వంగానే చెప్పాడు.

అక్కయ్య లేచి చల్లగదిలోకి వెళ్లి ఆ సీసా తెచ్చింది. అదే కంపెనీ, అదే గులాబీ రంగు, అదే మూత. చీటీ మీద పేరు కింద, చీమ తలకాయంత అక్షరాల్లో మాత్రం "తక్కువ చక్కెర" అని ఉంది. ఆమె వాడే మీడియాలో ఉండే చక్కెరలో ఇందులో పావువంతు కూడా లేదు. రెండు నెలలుగా మందు వేసిన డిష్షులకు ఈ పస్తుల మీడియా అందింది. మందు వేయనివాటికి ఆమె పాత నిల్వలోంచి కడుపునిండా అందింది. మొన్న ఆ నిల్వ కూడా అయిపోయేసరికి అన్నీ కలిసి పస్తు ఉన్నాయి, అన్నిట్లోనూ కాపలావాడు లేచాడు. వాడు లేచింది మందు చూసి కాదు, ఆకలేసి.

"పేరొకటే కదా అనుకున్నానమ్మా," అన్నాడు బాబాయి, ఆమె ముఖం చూసి సీసా చేతిలోకి తీసుకుని, దూరంగా పెట్టి చదువుతూ. "నాకు షుగరుంది. ఇంట్లో నా టీలో చక్కెర ఉందో లేదో మా ఆవిడే చూస్తుంది. వీటికి కూడా చూడాలని తట్టలేదు."

అక్కయ్యకు కోపం రావాల్సింది. కోపం రావడానికి కూడా కాస్త బలం కావాలి. "తప్పు నాది. చీటీ నేను చూసుకోవాలి," అంది.

అంతలో ఫోన్ మోగింది. అత్తగారు.

"అమ్మాయ్! మీ ఆఫీసునుంచి ఎవరో అమ్మాయి ఫోన్ చేసింది. నీ మంచి ఫోటో ఒకటి పంపమంది. నువ్వు క్యాన్సర్‌కి మందు కనిపెట్టావటగా! ఇంట్లో గ్లాసు కడుగుతూ కూడా ఒక్క మాట చెప్పలేదేమే?"

"ఏం మందు? ఎవరన్నారు?"

"పేపర్లవాళ్లంతా వస్తున్నారట. నీ పెళ్లి ఫోటో పంపాను, నవ్వుతూ ఉంది అదొక్కటే. ఉండు, నాతో నడకకొచ్చే ఆవిడకి చెప్పాలి. నిన్ననే ఆసుపత్రినుంచి వచ్చింది పాపం, మంచం మీదే ఉంది."

"అత్తయ్యా, చెప్పకండి! ఎవరికీ చెప్పకండి!"

"వినపడట్లేదే. నువ్వు పని చూసుకో, నేను చెప్తాలే."

ఫోన్ ఆగిపోయింది. తిరిగి చేస్తే ఎంగేజ్ వచ్చింది. ఆ శబ్దం అర్థమేమిటో అక్కయ్యకు తెలుసు. మంచం మీద ఉన్న ఒక మనిషి ఈపాటికి లేచి కూర్చుని ఉంటుంది. అక్కయ్య సీసా చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. డైరెక్టర్ గారు అద్దం ముందు టై సవరించుకుంటున్నారు.

"సర్, పొరపాటు జరిగింది. అంతా మీడియా వల్లే."

"ఇంకా రానేలేదు కదమ్మా, అప్పుడే ఏం చేశారు వాళ్లు?"

"పాతది సర్. రెండు నెలలుగా అదే. దాన్ని మార్చేస్తే అసలు సంగతి బయటపడుతుంది."

"ఇప్పుడెలా మారుస్తాం? పిలిచేశాం. వచ్చినవాళ్లతోనే సర్దుకోవాలి."

"అందులో చక్కెర లేదు సర్!"

"సెక్రటరీకి చెప్పు, వేరే చేయిస్తుంది." ఆయన దృష్టి టీ మీదకు పోయింది. "నేనే చక్కెర లేకుండా పెట్టమన్నాను. ఈ రోజుల్లో అందరికీ ఏదో ఒక జబ్బు. పద పద, టైమైపోయింది. ఆ సీసా కూడా తీసుకురా, ఫోటోలో బాగుంటుంది."

హాల్లో సెక్రటరీ ఇరవై నాలుగు కుర్చీలు వేయించింది. ముందు వరసలో ఒక విలేఖరి కూర్చుని ఉంది, నోటుపుస్తకం తెరిచి. ఇంకా ఇరవై మూడు మంది ఏరని డైరెక్టర్ గారు అడగకముందే సెక్రటరీ అకౌంట్స్ సెక్షన్‌ను, తోటపనివాళ్లను తెచ్చి కుర్చీలు నింపేసింది. విలేఖరి పక్కన యూనిఫాంలో ఒకాయన, కాళ్ల దగ్గర పెద్ద థర్మకోల్ పెట్టె పెట్టుకుని, చేతిలో టీ కప్పుతో బిక్కచచ్చి కూర్చుని ఉన్నాడు. గేటు దగ్గర మీడియా అని చెప్పగానే నలుగురు కలిసి తనను ఎందుకింత మర్యాదగా మోసుకొచ్చారో ఆయనకు అర్థం కాలేదు.

డైరెక్టర్ గారు ఆయన చేయి పట్టుకుని ఊపారు. "చాలా సంతోషం. ఏ పత్రికండీ?"

"కొరియరండీ."

"ఓహో, ఇంగ్లిష్ పత్రికా! కూర్చోండి, కూర్చోండి. ఏ ప్రశ్నయినా అడగొచ్చు."

"ఒక సంతకం కావాలండీ."

"చివర్లో అందరికీ పెడతాం."

డైరెక్టర్ గారు పది నిమిషాలు మాట్లాడారు. మానవాళి అనే మాట ఆరుసార్లు వచ్చింది. క్యాన్సర్ కణంలో నిద్రపోతున్న కాపలావాణ్ణి తట్టి లేపే మందు ఈ భవనంలోనే, ఈ కప్పు కిందే దొరికిందన్నారు. అకౌంట్స్ సెక్షన్ చప్పట్లు కొట్టింది. "ఇక ఆమె మాటల్లోనే వినండి," అని కూర్చున్నారు.

అక్కయ్య లేచి నిలబడింది. సీసా ఇంకా చంకలోనే ఉంది. అందరూ తనవైపే చూస్తున్నారు. మందు గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, మరికొన్ని పరీక్షలు చేయాలని ముక్తాయించి కూర్చుంటే ఈ పూట గడిచిపోతుంది. చాలామంది అలాగే చేస్తారు. కానీ అబద్ధం ఒకసారి మొదలుపెడితే దాన్ని కూడా రెండు రోజులకోసారి మేపాలి. ఉన్నవాటిని మేపడానికే ఆమెకు ఓపిక లేదు. పైగా ఎవరో ఒకావిడ మంచం మీద లేచి కూర్చుని ఉంది.

"మందు దొరకలేదండీ," అంది.

విలేఖరి నోటుపుస్తకంలోంచి తలెత్తింది.

"ఆ జీన్ లేచిన మాట నిజమే. మందు వల్ల లేవలేదు. ఈ సీసాలో కణాలకి పోసే ద్రవం ఉంది, వాటి తిండి. మందు వేసినవాటికి చక్కెర తక్కువున్న తిండి పడింది, మిగతావాటికి మామూలుది. ఆ తేడాకే లేచింది. ఇవాళ పొద్దున్నే తెలిసింది నాకు. కణం అంటే రాయి కాదు కదండీ. తిండి మారితే, గాలి మారితే, చుట్టూ కిక్కిరిసిపోతే, లోపల ఒక్కో జీన్ ఒక్కోలా ఉంటుంది. మనం మందునే చూస్తున్నాం అనుకుంటాం. అవి మాత్రం మనం ఏం పెట్టామో, ఎలా పెంచామో మొత్తం చూస్తుంటాయి."

"అంటే మందు పనిచేయదా?" అంది విలేఖరి.

"తెలీదు. చేస్తుందని చెప్పడానికి మా దగ్గర ఇవాళ ఏమీ లేదు."

వెనక తలుపు దగ్గర బాబాయి చేయెత్తాడు. "ఆ సీసా నింపింది నేనండీ. ఆవిడ తప్పు కాదు." ఇరవై ఎనిమిదేళ్లలో ఆ హాల్లో ఆయన మాట్లాడటం అదే మొదలు. అక్కయ్యకు అప్పుడు, ఆ రోజు మొదటిసారిగా, ఏడుపొచ్చినంత పనయింది.

"మరి ఎవరి తప్పు?" అంది విలేఖరి, రాసుకుంటూ.

"మీడియాదండీ," అంది అక్కయ్య.

విలేఖరి కలం ఆగింది. అక్కయ్య కంగారుగా సీసా పైకెత్తి చూపించింది. "ఇదండీ! దీన్నే మీడియా అంటాం!" డైరెక్టర్ గారు సీసా వంక, థర్మకోల్ పెట్టె వంక, సెక్రటరీ వంక వరసగా చూశారు. ఎర్రగా మొదలైన ఆయన ముఖం సీసాలోని రంగు దగ్గర ఆగింది. యూనిఫామాయన సందు చూసి లేచి, "అమ్మా, మీరేనా? ఇరవై నాలుగు సీసాలు. ఇక్కడ సంతకం పెడితే నేను పోతాను," అన్నాడు. పెట్టె తెరిచి చూస్తే సీసాలన్నీ చల్లగా, చక్కగా ఉన్నాయి. సెక్రటరీ చెప్పినపని చెప్పినట్టు చేసింది, ఆమెను అనడానికేమీ లేదు.

ఒంటిగంటకు కాదు, నాలుగింటికి అక్కయ్య ఇల్లు చేరింది. దుకాణానికి వెళ్లేముందు అత్తగారిని వెంటబెట్టుకుని ఆ టైపిస్టుగారింటికి వెళ్లింది. ఫోన్లో చెప్పే విషయం కాదనిపించింది. తలకు శాలువా చుట్టుకుని, దిండ్లకు చేరగిలబడి ఆవిడ అంతా విన్నది.

"అంటే ఆకలేసి లేచాయి, అంతేనా?"

"అంతేనండీ. మీకు ఆశపెట్టినట్టయింది. క్షమించండి."

"మీ అత్తగారు చెప్పిన గంటసేపూ బాగానే ఉంది," అంది ఆవిడ. "మందు లేదని చెప్పడానికి ఇంటిదాకా ఎవరూ రాలేదమ్మా ఇంతవరకు. అందరూ ఉందనే వస్తారు. అలా కూర్చో. నాకంటే నువ్వే జబ్బుమనిషిలా ఉన్నావు."

దుకాణంలో అత్తగారు అన్నిటికంటే చవక ఫ్రేము తీసుకుని, "ఇది చాలు, నీకు ఖర్చు పెంచను," అంది.

మర్నాడు పత్రికలో వార్త బాగానే రాశారు. విలేఖరి బుద్ధిమంతురాలు, ప్రతి మాటా అర్థం చేసుకుని రాసింది. శీర్షిక పెట్టింది మాత్రం వేరే ఎవరో. "క్యాన్సర్ జీన్ గొడవంతా మీడియా సృష్టే: పరిశోధకురాలి ఆరోపణ" అని అచ్చయింది. పక్కనే పెళ్లి ఫోటో. మధ్యాహ్నానికల్లా విలేఖరుల సంఘం ఖండించింది. సోమవారం డైరెక్టర్ గారు సంజాయిషీ అడుగుతూ మెమో పంపారు. అక్కయ్య దానికి మూడు పేజీల జవాబు రాసింది, ఒకటిన్నర పేజీ మీడియా అనే మాటకు అర్థం చెప్పడానికే పట్టింది.

అయితే ఆ శీర్షిక పుణ్యమా అని వార్త ఎక్కడెక్కడివాళ్లో చదివారు. రెండు వారాల్లో తొమ్మిది ల్యాబుల నుంచి ఉత్తరాలు వచ్చాయి. మా దగ్గరా ఒక జన్యువు ఎందుకు లేస్తోందో తెలియక ఏడాదిగా చస్తున్నాం, మీ వార్త చదివి సీసాలు చూసుకున్నాం, మీ పేరున దండం పెట్టుకున్నాం అని. పదో ఉత్తరం పై అధికారుల నుంచి వచ్చింది, ఇంత నిజాయితీగల సంస్థను నడుపుతున్నందుకు డైరెక్టర్ గారిని మెచ్చుకుంటూ. మెమో ఆ సాయంత్రమే వెనక్కి వెళ్లిపోయింది. ఆ రోజు హాల్లో ఆ అమ్మాయిచేత నిజం చెప్పించింది తానేనని డైరెక్టర్ గారు ఇద్దరు ముగ్గురితో అన్నారు. నాలుగోసారి చెప్పేటప్పటికి ఆయనే నమ్మారు.

ఆ ఉత్సాహంలో ఆయన ఒక కమిటీ వేశారు. సంస్థలో ఇంతవరకు వచ్చిన ఫలితాలన్నీ తీసి, అప్పట్లో కణాలకు ఏం పోశారో, ఎలా పెంచారో చూసి, అవసరమైతే మళ్లీ చేయాలి. కమిటీకి అధ్యక్షురాలు అక్కయ్య, సభ్యుడు బాబాయి. మొహమాటాలకు తావు లేకుండా అన్నిటికంటే పాత ఫలితంతో మొదలుపెట్టమని ఆర్డరులో ఆయనే స్వయంగా రాశారు.

అన్నిటికంటే పాతది ఇరవై రెండేళ్ల కిందట డైరెక్టర్ గారు చేసినదే. దానికే ఆయనకు పతకం వచ్చింది, దానివల్లే ఆ కుర్చీ వచ్చింది. అక్కయ్య మూడు వారాలు కణాలను వెచ్చగా పెంచే ఇంక్యుబేటరు ముందు నిలబడి, బాబాయి భూతద్దంతో చదివి వినిపించిన ప్రతి చీటీనీ రాసుకుని, మేత సరిగ్గా చూసి పోసి, ఆ ప్రయోగం నాలుగుసార్లు చేసింది. ఆ జన్యువు నాలుగుసార్లూ కళ్లయినా తెరవలేదు. పొద్దున పదింటికి నివేదిక తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన మొదటి పేజీ చదివారు. రెండోది చదవలేదు.

మధ్యాహ్నానికి ఆమెకు, అడగకుండానే, రెండు నెలల సెలవు మంజూరైంది.